ఎడంకాలోడి వీణ

మా ఇంట్లో విదేశీ ఫుట్‌బాల్ ఆటగాళ్లెవరికీ సొంత పేర్లు ఉండేవి కావు. వాళ్ల అమ్మానాన్నలు ఏం పెట్టుకున్నారో, చొక్కా వీపు మీద ఏం రాసి ఉందో మా నాన్నకు అనవసరం. టీవీలో ఆట మొదలైన కాసేపటికే అందరికీ బారసాల అయిపోయేది. బట్టతల గోల్‌కీపరు ‘గుమ్మడికాయ’. రెఫరీ ఈల ఊదిన ప్రతిసారీ చేతులు చాపి వాదనకు దిగే గడ్డమాయన ‘కోర్టుపక్షి’. మోకాలికి పట్టీ లేకుండా ఎప్పుడూ కనిపించని పొడుగాయన ‘కట్టుకాలు’. ఒక్కడికి మాత్రం నాన్న వెక్కిరింపు పేరు పెట్టలేదు. అతన్ని ‘ఎడంకాలోడు’ అనేవాడు, అదీ ఇంటి అల్లుణ్ణి పిలిచినంత మర్యాదగా. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అల్లుడికి అంత మర్యాద ఉండేది కాదు.

మాది బొబ్బిలి పక్క ఊరు. వీణలు చేసే ఇల్లు. ముందుగదిలో టీవీ చూడాలంటే ముందు రెండు వీణల్ని పక్కకు జరిపి, చాప మీది చెక్కపొట్టు దులుపుకుని కూర్చోవాలి. పెళ్లయ్యాక నేను రెండు వీధుల అవతలికే వెళ్లాను కాబట్టి ఆట ఉన్న సాయంత్రాలు నేనూ మా ఆయనా అక్కడే తేలేవాళ్లం. మా ఆయన నాన్నకు సొంత అక్క కొడుకు. పుట్టింది సాలూరు, పెళ్లయ్యాక మా ఊళ్లోనే ఉండి లారీ నడుపుతాడు. కలకత్తా లోడు ఎక్కువగా వేస్తాడని కలకత్తా జట్టును నెత్తిన పెట్టుకున్నాడు. నాన్నకు ఆ జట్టు పొడ గిట్టదు. ఇక ఆ గదిలో జరిగే రభస ఏమని చెప్పను! ఇద్దరి మధ్యా వేరుశెనగ కాయల చాట ఒక్కటే తటస్థం.

దేశంలో నగరాల జట్లతో ఫుట్‌బాల్ లీగు కొత్తగా మొదలైన రోజులవి. ఒక్కో నగరం జట్టూ పోటీపడి ఒక్కో విదేశీ స్టార్‌ని తెచ్చుకునేది. ప్రపంచమంతా చూసిన పెద్ద పెద్ద ఆటగాళ్లు. కాకపోతే అక్కడ ఆడాల్సిందంతా ఆడేసి, చివర మిగిలిన ఒకటి రెండేళ్ల ఆటను మన దగ్గరికి పట్టుకొచ్చేవారు. జుట్టు పలచబడి, నడుముకు పట్టీలు కట్టుకుని దిగేవారు. వాళ్ల కోసం స్టేడియం మొత్తం లేచి నిలబడేది.

“ఏటి, ఈ ముసిలోళ్లనా ఇమానాలెక్కించి తెచ్చుకున్నారు? గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు,” అనేది అమ్మ, కాయలు ఒలుస్తూ.

“నీకేటి తెలుసే! లేత పనస కర్రతో వీణ సేస్తే మోగుతాదేటి? ముదురు కర్రకే నాదం. ఆడు పరిగెట్టక్కర్లేదు. నిలబడి తంతే సాలు, ఎక్కడికెల్లాలో బంతికే తెలుస్తాది,” అనేవాడు నాన్న.

“మావా, నీ ఎడంకాలోడు ఆయాసపడతన్నాడు. సోడా కొట్టి ఇయ్యనా?” అని మా ఆయన.

“ఒరే, నోరు మూసుకుని సూడరా. నీ కోర్టుపక్షి కంటే నయమే.”

అంతలోనే ఆ ఎడంకాలోడు నిజంగానే ఒక బంతి వదిలేవాడు. ముగ్గురి మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా, మెత్తగా వెళ్లి తనవాడి పాదం ముందు ఆగేది. నాన్న అరిచేవాడు కాదు. చప్పట్లు కొట్టేవాడు కాదు. తన ఎడమ మోకాలి మీద అరచేత్తో ఒక్కటి చరుచుకునేవాడు, అంతే. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ కాలికి ఒక చరిత్ర ఉంది మరి. కుర్రతనంలో నాన్న బొబ్బిలి మైదానంలో ఎడమ వైపు చివర ఆడేవాడు. ఎడంకాలితో తన్నేవాడు ఊళ్లో మరొకడు లేడు. పాతపట్నం జట్టు వాళ్లు సరిహద్దు దాటి ఒడిశా ఆటగాళ్లను అరువు తెచ్చుకునేవారట. వాళ్లను అందరూ ‘పరదేశోళ్లు’ అని భయంగా చెప్పుకునేవారట. పోటీగా సాలూరు లారీ వాళ్లు తమ జట్టుకు మా నాన్నను అరువు తీసుకెళ్లారు. ఆయన్ను ఎక్కించుకోవడానికి ఖాళీ లారీ బొబ్బిలి దాకా వచ్చిందట. కేబిన్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, దారిలో ఆపి కోడికూర పెట్టించి, దిగేటప్పుడు దండ వేశారట. ఆ కథ చెప్పినప్పుడల్లా కోడి ఒకటి పెరిగేది. ఆఖరుకు లారీ నిండా కోళ్లే ఉండేవి.

“నానూ ఫారిన్ ప్లేయర్నేరా ఒకప్పుడు,” అనేవాడు మా ఆయనతో. “సాలూరుకి.”

“అవును మావా, మా అయ్య సెప్తాడు. ఆ కోడికూర అప్పు ఇంకా తీరలేదంట.”

నవ్వీ నవ్వీ అమ్మకు పొలమారేది. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! ఇప్పుడు లీగులోకి అంత పేరున్నవాళ్లు రావడం లేదు. వచ్చినవాళ్లకు మంచి పేర్లు పెట్టే తీరిక కూడా మాలో ఎవరికీ లేదు.

కాలి సంగతి అలా ఉంటే, చేతి సంగతి వేరు. మా నాన్నది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఆ చెయ్యి కంచంలోకి వెళ్లిందంటే తాత మొట్టికాయ పడేదట. ఉలి పట్టడం, బాడిసె పట్టడం కుడిచేత్తోనే నేర్పాడు. అవి వచ్చాయి. వీణ వాయించడం మాత్రం రాలేదు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరనుకుని నాన్న ఒక వీణను అటుది ఇటు తిప్పి ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో తీగ మీటాడట. తాత గుమ్మంలో నిలబడి చూశాడు. కొట్టలేదు. వీణ తీసి గోడకు ఆనించి, “సరస్వతమ్మని పుర్రసేత్తో మీటుతావేట్రా? తయారు సేసుకో, అమ్ముకో. మీటకు,” అన్నాడట. ఫుట్‌బాల్ సంగతి తెలిసినప్పుడు మాత్రం, “కాలితో ఏటి సేసుకుంటావో నీ ఇష్టం,” అని వదిలేశాడట. తాత పోయి ఎన్నో ఏళ్లయింది. నాన్న ఆ మాట దాటలేదు. జీవితమంతా వీణలు చేసిన మనిషి ఒక్క వీణా మీటలేదు.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వీణ మీద స్వరాల మెట్లు కూర్చోబెట్టేటప్పుడు ఒక్క తీగ బిగించి అమ్మ మీటుతుంటే, నాన్న మైనం మీద మెట్టును జరుపుతూ వినేవాడు. అన్నీ అయ్యాక ఏడు తీగలూ కట్టి, పసుపు కుంకుమ పెట్టి, మొదటి మీటు కూడా అమ్మే మీటేది. అప్పుడు నాన్న లేచి వెళ్లి వీధి గుమ్మం దగ్గర నిలబడేవాడు. దూరం నుంచి వింటేనే నాదం తెలుస్తుందని ఆయన వాదన.

“ఎలగున్నాది?” అని అమ్మ లోపలి నుంచి అడిగేది.

ఎంత గొప్పగా మోగినా నాన్న జవాబు ఒక్కటే. “ఇంకోపాలి.”

మొదటి మీటు చేతిది, రెండోది వీణది అనేవాడు. రెండోసారి విన్నాకే తల ఊపేవాడు. చిన్నప్పుడు నాకు ఒళ్లు మండేది. మొదటిసారే బాగుందంటే నోరు అరుగుతుందా అని. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

అలాంటి ఇంటికి ఒకరోజు విజయనగరం నుంచి మా దగ్గర వీణలు కొనే వ్యాపారి వచ్చాడు. గుమ్మం ఎక్కుతూనే, “బాబాయ్, నీ ఎడంకాలోడు ఆట మానేస్తన్నాడు!” అన్నాడు. ఆ సీజన్ చివరి ఆట అతని ఆఖరి ఆటట. జట్టు వాళ్లు మైదానంలోనే సన్మానం చేస్తారట. అతను హోటల్లో గిటారు వాయించుకుంటూ ఉంటాడని ఎవరో చూసి, వీణ ఇద్దామన్నారట. “అద్దాల పెట్టెలో పెట్టే బొమ్మ వీణ కాదు బాబాయ్. అసలు వీణ. ఆడు గడ్డి మీద కూకుని నాలుగు మీట్లు మీటాలంట, టీవీలో అందరూ సూడాలంట.”

నాన్న లేచి పెరట్లోకి వెళ్లాడు. పశువుల పాక వెనుక ఏళ్ల తరబడి ఎండుతున్న పనస దుంగ ఒకటి ఉండేది. ఎంతమంది అడిగినా ఇవ్వనిది. దాని మీద చెయ్యి వేసి, “ఇదే,” అన్నాడు.

ఆ వీణ చేసినన్నాళ్లూ నాన్న మనిషిలా లేడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. మా బొబ్బిలి వీణను ఒకే దుంగ నుంచి తొలుస్తారు. గుండ్రటి కుండా పొడుగాటి దండీ అన్నీ ఒకే కర్ర, ఎక్కడా అతుకు ఉండదు. చెయ్యి ఒక్కచోట తప్పిందంటే దుంగంతా పొయ్యిలోకే. నాన్న మాత్రం పాట పాడుకుంటూ చేశాడు. మధ్యలో ఆట వస్తే ఉలి పట్టుకునే టీవీ ముందుకు వచ్చేవాడు. ఎడంకాలోడు తూలి పడితే, “మెల్లగా బావూ, మెల్లగా. ఇంక రెండాటలే కదా,” అని కన్నకొడుకుతో అన్నట్టు అనేవాడు.

మెట్లు కూర్చోబెట్టే రోజు అమ్మ ఎప్పటిలాగే చాప మీద కూర్చుని వీణను ముందుకు లాక్కుంది. కుడిచెయ్యి తీగ మీదికి వెళ్లి ఆగిపోయింది.

“ఓలమ్మో! ఇదేటి? తీగలు బిగించే బిరడాలు అటున్నాయి. నా ఏపు ఉండాల్సినవన్నీ అటే ఉన్నాయి. బుర్ర ఉండే సేసావా?”

“ఉండే సేసాను. ఎడంకాలోడికి ఎడంసేతి వీణ కాక మరేటి సేస్తారే?”

నేను అడ్డుపడ్డాను. “కాలు ఎడమైతే సెయ్యీ ఎడమవ్వాలని ఎక్కడున్నాది నానా? ఆ యాపారి బాబుకి ఫోన్ సేసి అడుగుదాం.”

“అడిగేదేటి? నా కాలు ఎటో నా సెయ్యీ అటే. సూడలేదేటి?”

“అందరూ నీలాగే పుడతారేటి?”

“తెలీకపోతే ఊరుకో.”

ఎడ్డెమంటే తెడ్డెం! మా నాన్నతో వాదించి గెలిచినవాళ్లు మా వీధిలో లేరు. నేను విసురుగా లేచి ఇంటికి వచ్చేశాను. రాత్రి మా ఆయనతో చెప్తే నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. “మావ ఆడి కోసం సేత్తన్నాడనుకున్నావా?” అన్నాడు. “లోకంలో ఒక్కటైనా అలాటి వీణ ఉండాలని సేత్తన్నాడు. ఎవుడో ఒకడు దాన్ని మీటితే సూడాలని.” ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఎడంకాలోడిది ఎడంచెయ్యే అయ్యుండాలని ఆ రోజు నుంచి ఇంట్లో దీపం పెట్టినప్పుడల్లా మొక్కుకున్నాను.

అమ్మ గొణుక్కుంటూనే చెయ్యి మెలితిప్పి ఎలాగో మీటింది. మెట్లు కుదిరాయి. తీగలు కట్టారు. ఇక పసుపు కుంకుమ పెట్టి మొదటి మీటు మీటాలి, అంతలో వ్యాపారి పెట్టె పట్టుకుని వచ్చేశాడు. వీణను చూసి తల గోక్కున్నాడు.

“బాబాయ్, ఇదేటి, తిరగేసి సేసీసినారు?”

నాన్న గర్వంగా కాలూ చెయ్యీ సంగతి వివరించాడు. వ్యాపారి మంచివాడే. నవ్వలేదు, అరవలేదు. ఫోన్ తీసి ఏదో వెతికి నాన్న చేతిలో పెట్టాడు. నేను భుజం మీదుగా చూశాను. హోటల్ గదిలో కుర్చీ మీద ఎడంకాలోడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గిటారు. తీగల మీద ఆడుతున్నది కుడిచెయ్యి.

నాన్న చివరిదాకా చూశాడు. “ఇంకోపాలి పెట్టు,” అన్నాడు. మళ్లీ కుడిచెయ్యే. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

“రేపు రైలుకి పంపాలి బాబాయ్. దీన్ని ఇప్పి ఇటు తిప్పడం అవుతాదేటి?”

“ఎలగవుతాది? అతుకులుంటే ఇప్పుదుము. ఒకే కర్ర కదా.”

గోడ వారగా ఇంకో వీణ ఉంది. విజయనగరంలో సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి కోసం చేసింది. అమ్మ చేతి మొదటి మీటు అయిపోయినది. ఆ అమ్మాయితో నేను మాట్లాడుకుంటాను, తర్వాత ఇంకోటి చేసిద్దురు అని వ్యాపారి దాన్ని పెట్టెలో సర్దుకున్నాడు. నాన్న కూడా ఒక చెయ్యి వేసి మూత బిగించాడు. ఎడంచేతి వీణ మీద పాత పంచె ఒకటి కప్పి, మూలకు జరిపాడు. ఆ తర్వాత ఆట రోజు దాకా మా ఇంట్లో ఎవరూ ఎవరికీ పేర్లు పెట్టలేదు.

ఆట ఆదివారం సాయంత్రం. ఎడంకాలోడు సగం ఆటే ఆడాడు. ఆ సగంలోనే ఒక్క బంతి వదిలాడు, పాత రోజుల్లోలాగే, మెత్తగా. నాన్న మోకాలు చరుచుకోలేదు. ఆట అయ్యాక గడ్డి మీద పట్టుగుడ్డ పరిచారు. మా వీణ వచ్చింది. చెక్కుడు పని టీవీలో కూడా తెలిసిపోయింది. “మావా, మన వీణే! మన వీణే!” అని మా ఆయన చంటిపిల్లాడిలా ఎగిరాడు. ఎడంకాలోడు మఠం వేసుకుని కూర్చుని, వీణను తడిమి, కుడిచేత్తో తీగ లాగాడు. స్టేడియం హోరులో ఏమీ వినపడలేదు. అతను నవ్వాడు. తర్వాత పిల్లలు తెచ్చిన బంతుల మీద సంతకాలు పెట్టాడు, అదీ కుడిచేత్తోనే.

“ఆడిది కాలొక్కటే ఎడమ,” అన్నాడు నాన్న. పెద్దగా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కండువాతో మొహం తుడుచుకుని చాలాసేపు కండువా తియ్యలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎడంకాలోణ్ణి తిట్టిపోశాను, పాపం అతనేం చేశాడని.

అమ్మ మాత్రం చాట పక్కన పెట్టి లేచి, టీవీ ఆపింది. మూలకు వెళ్లి పంచె లాగేసి, ఆ వీణను నిదానంగా తెచ్చి చాప మీద పెట్టింది. దేవుడి దగ్గర నుంచి కుంకుమ భరిణె తెచ్చి బొట్టు పెట్టింది.

“రా,” అంది.

“నువ్వు మీటు,” అన్నాడు నాన్న.

“నా సెయ్యి దీనికి రాదు. అల్లుడి సెయ్యీ రాదు, మన పిల్ల సెయ్యీ రాదు. ఈ ఊళ్లో దీనికి పనికొచ్చే సెయ్యి ఒక్కటే ఉన్నాది.”

“మా నాన ఏటన్నాడో నీకు తెలీదేటి?”

“తెలుసు. ఆయన నిన్ను మీటొద్దన్నది కుడిసేతి వీణని. ఇలాటిది ఒకటుంటాదని ఆయనకేటి తెలుసు?”

నాన్న తలెత్తి ఆమెను చూశాడు. నేనూ చూశాను. ఇన్నేళ్లూ ఈ మాట ఎక్కడ దాచుకుందో!

నాన్న వచ్చి చాప మీద కూర్చున్నాడు. వీణ కుండ ఎడమ వైపుకు వచ్చేలా ఒళ్లోకి తీసుకున్నాడు. దాన్ని అలా పట్టుకోవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు, అయినా అది ఒదిగి కూర్చుంది. ఎడంచెయ్యి పైకి లేచింది. కుడిచెయ్యి ఉలి పట్టీ పట్టీ కాయలు కాసిపోయింది. ఎడంచెయ్యి వేళ్లు మాత్రం ఇంకా మెత్తగా ఉన్నాయని అప్పుడే గమనించాను.

అమ్మ అప్పటికే మా దగ్గర లేదు. ఎప్పుడు వెళ్లిందో, వెళ్లి వీధి గుమ్మం దగ్గర నిలబడింది, అచ్చంగా నాన్న నిలబడే చోట. ఎదురింటి వాళ్లు ఆమెను వింతగా చూస్తున్నారు.

నాన్న మీటాడు. ముదురు పనస కర్ర. నాదంతో ఇల్లంతా నిండిపోయింది. మా ఆయన నోట్లోని వేరుశెనగ గింజ నమలడం మానేశాడు.

మోత అంతా అణిగేదాకా నాన్న తీగ మీద నుంచి చూపు తిప్పలేదు. తర్వాత గుమ్మం వైపు తిరిగి అడిగాడు.

“ఏటే, ఎలగున్నాది?”

అమ్మ వెనక్కి తిరగలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నట్టు భుజాలను బట్టి తెలుస్తోంది.

“ఇంకోపాలి,” అంది.